ఏటీపీ లెక్క తేలేది 14 దగ్గర

కిరణజన్య సంయోగక్రియలో వెలుగు నేరుగా ఏటీపీని, అంటే కణం వాడుకునే శక్తి అణువును, తయారు చేయదు. ప్రోటాన్లను (హైడ్రోజన్ అయాన్లను) థైలకాయిడ్ అనే పొర సంచి లోపలికి చేర్చడంతో దాని పని అయిపోతుంది. అవి ఏటీపీ సింథేజ్ అనే ఎంజైమ్ గుండా బయటికి వస్తుంటే ఏటీపీ తయారవుతుంది. విచిత్రమేమంటే దీన్ని తేల్చిన ప్రయోగం చీకట్లోనే జరిగింది. 1966లో శాస్త్రవేత్తలు జాగెండార్ఫ్, ఉరిబే పాలకూర థైలకాయిడ్లను పీహెచ్ 4 ఉన్న ఆమ్లంలో నానబెట్టి, ఏటీపీకి ముడిసరుకైన ఏడీపీ, ఫాస్ఫేట్ కలిపి ఒక్కసారిగా పీహెచ్ 8కి మార్చారు. వెలుగు చుక్క లేకుండానే ఏటీపీ తయారైంది.

ఇక లెక్క. రెండు నీటి అణువులు విడిపోతే ల్యూమెన్‌లో, అంటే థైలకాయిడ్ లోపలి ఖాళీలో, 4 ప్రోటాన్లు మిగులుతాయి. వాటి నుంచి వచ్చిన 4 ఎలక్ట్రాన్లు ప్లాస్టోక్వినోన్ అనే ఎలక్ట్రాన్ వాహకం మీదుగా సైటోక్రోమ్ బీ6ఎఫ్ అనే ప్రోటీన్ సముదాయం దాటేసరికి మరో 8 లోపలికి వస్తాయి. మొత్తం 12. చివర్లో ఆ ఎలక్ట్రాన్లను ఎన్‌ఏడీపీ అందుకుంటే వచ్చేవి 2 ఎన్‌ఏడీపీహెచ్.

ఒక్కో ఏటీపీకి 4 ప్రోటాన్లు అనుకుంటే 3 ఏటీపీలు వస్తాయి. ఒక కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెర తయారయ్యే కాల్విన్ చక్రంలో బిగించడానికి కావలసినవీ సరిగ్గా అన్నే. చూడముచ్చటైన లెక్కే, కానీ తప్పు. పాలకూర ఏటీపీ సింథేజ్ అడుగున తిరిగే వలయంలో 14 ఉపప్రమాణాలున్నాయి. 14 ప్రోటాన్లు దాటితే ఒక చుట్టు, చుట్టుకు 3 ఏటీపీలు. అంటే ఒక్కోదానికి 4.67. 12 ప్రోటాన్లకు వచ్చేవి 2.57 మాత్రమే. ఈ లోటు పూడ్చే దారుల్లో ముఖ్యమైనది చక్రీయ ఫోటోఫాస్ఫారిలేషన్. ఫెరెడాక్సిన్ అనే వాహక ప్రోటీన్ దాకా వెళ్లిన ఎలక్ట్రాన్లు ఎన్‌ఏడీపీకి పోకుండా ప్లాస్టోక్వినోన్‌కు మళ్లుతాయి. ఆక్సిజన్ రాదు, ఎన్‌ఏడీపీహెచ్ రాదు, ప్రోటాన్లు మాత్రం పేరుకుంటాయి. పరీక్ష కోసం చదివేవాళ్లు దీన్నేదో పక్కదారిలా దాటేస్తారు, పాపం.

థైలకాయిడ్లకు అమ్మోనియం క్లోరైడ్ కలిపితే ఏమవుతుంది? అమ్మోనియా పొర దాటి లోపలికెళ్లి ప్రోటాన్‌ను పట్టేసుకుంటుంది. పీహెచ్ తేడా కరిగిపోతుంది, ఏటీపీ ఆగిపోతుంది. ఎలక్ట్రాన్ల పరుగు మాత్రం పెరుగుతుంది, ఎందుకంటే వెనక్కి నెట్టే ఒత్తిడి లేదు. మొక్కజొన్నలో కలుపుకు కొట్టే అట్రజిన్ కథ వేరు. అది నీటిని విడగొట్టే ఫోటోసిస్టమ్ 2లో ప్లాస్టోక్వినోన్ కూర్చునే చోటే తిష్ఠ వేస్తుంది, దాంతో ఎలక్ట్రాన్లే కదలవు. మొక్కజొన్న దాన్ని గ్లూటాథయోన్ అనే చిన్న అణువుతో కట్టేసి బతికిపోతుంది.

రాత్రి ఇంకో చిక్కు. ప్రోటాన్ల తోపు లేకపోతే ఇదే సింథేజ్ వెనక్కి తిరిగి, ఉన్న ఏటీపీని కాస్తా విరగ్గొట్టగలదు. అందుకే దాని గామా ఉపప్రమాణంలోని సిస్టీన్ అనే రెండు అమైనో ఆమ్లాలు చీకట్లో డైసల్ఫైడ్ బంధంతో గడియ వేసుకుంటాయి. తెల్లారాక థయోరెడాక్సిన్ అనే ప్రోటీన్ దాన్ని తీస్తుంది. విడదీసిన థైలకాయిడ్లలో ఏటీపీ విచ్ఛిన్నాన్ని కొలిచేముందు వెలుగుతో పాటు డైసల్ఫైడ్‌ను విడగొట్టే డైథయోత్రైటాల్ కూడా ఇచ్చేది ఈ గడియ తీయడానికే.