3,35,50,336తో నాలుగు సాయంత్రాలు

మొదటి సాయంత్రం

6, 28, 496, 8128 పోయిన నెలలోనే నోట్‌బుక్‌లో అయిపోయాయి. తనను వదిలేసి మిగతా కారణాంకాలన్నీ కూడితే మళ్లీ తనే వచ్చే సంఖ్య పరిపూర్ణ సంఖ్య. ఐదోది మూడు కోట్ల ముప్పై ఐదు లక్షల యాభై వేల మూడు వందల ముప్పై ఆరు. నాలుగంకెల నుంచి ఎనిమిదంకెలకు ఎందుకు దూకిందో తేల్చుకోవాలని కూర్చున్నాను.

ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ చూపిన దారి ఇది: 2, 4, 8, 16 వరసలో ఒక సంఖ్య నుంచి 1 తీసేస్తే ప్రధాన సంఖ్య వచ్చిందా, దాన్ని ఆ సంఖ్యలో సగంతో గుణించాలి. 128లోంచి 1 పోతే 127, అందుకే 64×127 = 8128. ఆ తర్వాత 255, 511, 1023 ప్రధాన సంఖ్యలు కావు. 2047 మీద ఆశ పెట్టుకున్నాను, అది 23×89. 4095 ఐదుతో పోతుంది. ఇక 8191.

రెండో సాయంత్రం

8191 వర్గమూలం 90 దాటి కొంచెం. అంటే 89 వరకు 24 ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. 8190 అంటే 90×91 కదా, కాబట్టి 2, 3, 5, 7, 13లతో శేషం 1 అని చూడగానే తెలుస్తుంది. ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా కనిపెట్టిన నియమం ఇంకా పని తగ్గించింది. 8191 అంటే 2 పవర్ 13లో ఒకటి తక్కువ. దాన్ని ఏ ప్రధాన సంఖ్య భాగించినా అది 13కు రెట్టింపైన 26 గుణిజం కంటే ఒకటి ఎక్కువ ఉండాలి. 90 లోపు అలాంటివి 53, 79 మాత్రమే! శేషాలు 29, 54. నమ్మకం కోసం మిగతా 17 కూడా చేశాను, గంట పట్టింది.

కాబట్టి 4096×8191.

మూడో సాయంత్రం

పైథాన్‌లో 1 నుంచి ఆ సంఖ్య దాకా లూప్ పెడితే చాలాసేపు కదల్లేదు. దాని వర్గమూలం దగ్గరి 5792 దాకా వెళ్లి, దొరికిన ప్రతి కారణాంకానికి జతను కూడా రాసుకుంటే చాలు, క్షణంలో అయిపోయింది. 13 జతలు, 26 కారణాంకాలు. కానీ మొత్తం 6,71,00,672 వచ్చింది. టెన్షన్ పడి అరగంట వెతికాను. ఆ సంఖ్యను కూడా కూడేశాను, సరిగ్గా రెట్టింపు! మీరు రాసేటప్పుడు 1 జతను వేరుగా చూసుకోండి.

నాలుగో సాయంత్రం

ఇది త్రిభుజ సంఖ్య కూడా: 1 నుంచి 8191 వరకు కూడితే ఇదే. బైనరీలో పదమూడు ఒకట్లు, వాటి వెనక పన్నెండు సున్నాలు. అంకెలు కూడితే 28, అదీ పరిపూర్ణ సంఖ్యే. అన్నిటికంటే నాకు నచ్చింది ఘనాల సంగతి. 1 నుంచి 127 వరకు ఉన్న 64 బేసి సంఖ్యల ఘనాలను ఎక్సెల్‌లో 64 వరసల్లో రాసి కూడాను. చివరి గడిలో 33550336 కనిపించగానే ఇంట్లో వాళ్లను పిలిచి చూపించాను.

తర్వాతది 858 కోట్ల పైచిలుకు, 65,536×1,31,071. 1,31,071 ప్రధాన సంఖ్యేనా అని చూడటానికి ఫెర్మా నియమం ప్రకారం భాగించాల్సినవి 103, 137, 239, 307. ఆదివారం మొదలుపెడతాను.