నెవాడా అడవి గుర్రాల కోసం కామెంట్ పంపాను – నా అనుభవం

అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని రీనోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, హెచ్‌1బీ మీద ఉన్నాను. ఇక్కడి ప్రభుత్వ భూముల్లో తిరిగే అడవి గుర్రాలను హెలికాప్టర్లతో తరిమి పట్టుకునే ప్రణాళిక ఒకటి వస్తే, దాని మీద నా అభిప్రాయం పంపాను. తుది పత్రం నిన్ననే వచ్చింది.

ముసాయిదా ఆన్‌లైన్‌లోనే దొరికింది. అభిప్రాయాలు పంపడానికి 30 రోజుల గడువిచ్చారు.

నరకం చూపించింది సమావేశమే. హెలికాప్టర్లు వాడే ముందు జనం మాట వినాలని నిబంధన ఉంది. పేర్లు రాసుకునే బల్ల దగ్గరున్నాయన నా పేరు విని, "మీరు అమెరికా పౌరులేనా?" అన్నాడు. కాదన్నాను. "పశువుల మేత పర్మిట్ ఉందా? పోనీ, ఇక్కడ భూమి ఉందా?" రెండూ లేవన్నాను. అయితే కూర్చుని వినండి, మాట్లాడటానికి లేదన్నాడు. వెనక లైన్లో ఉన్నవాళ్లంతా నావైపే చూస్తున్నారు. తల కొట్టేసినట్టయింది. ఏళ్ల తరబడి ఇక్కడ పన్ను కడుతున్నాను, అయినా నోరు పెగల్లేదు.

ఆ రాత్రే చట్టాలు తిరగేశాను. పర్యావరణ చట్టం కింద కామెంట్ చెయ్యడానికి పౌరసత్వం ఉండాలని ఎక్కడా లేదు. అసలు ఈ గుర్రాలకు రక్షణ వచ్చిందే మామూలు జనం ఉత్తరాల వల్ల. నెవాడాలో ఒక ఆఫీసులో సెక్రటరీగా పనిచేసిన వెల్మా జాన్‌స్టన్ ఉద్యమం నడిపితే బడిపిల్లలు సైతం ఉత్తరాలు రాశారు. మోటారు వాహనాలతో వేటాడకుండా 1959లో ఒక చట్టం, 1971లో పూర్తి రక్షణ చట్టం వచ్చాయి. న్యూ మెక్సికో రాష్ట్రం ఎదురు తిరిగితే 1976లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చట్టం వైపే నిలబడింది. అలాంటిచోట భూమి ఉన్నవాడే మాట్లాడాలా?

అందుకే జాలి చూపండని రాయలేదు. గుర్రాలు ఎక్కువయ్యాయని ఏ లెక్కతో తేల్చారు, అదే భూముల్లో మేసే ఆవుల వాటా ఎంత, పీజెడ్‌పీ గర్భనిరోధక టీకా ఎందుకు వద్దనుకున్నారు అని పేజీ నంబర్లతో సహా నిలదీశాను. టీకా మీద నా ప్రశ్నకు తుది పత్రంలో కొత్తగా ఒక పేరా చేర్చారు. అది నా కష్టమే, గర్వంగా చెప్పుకుంటాను. ఆవుల సంగతి మాత్రం "ఈ పత్రం పరిధిలోకి రాదు" అని ఒక్క ముక్కలో దాటేశారు.

సంస్థలు ఇచ్చే రెడీమేడ్ ఉత్తరం పంపకండి, ఒకేలా ఉన్నవన్నీ కలిపి ఒక్కటిగా చూస్తారు. ఫోన్ మాటలు నమ్మకండి, ఏదైనా ఈమెయిల్లోనే అడగండి. ఇంకొకటి, రీనో పక్కన వర్జీనియా రేంజ్ కొండల్లో మనవాళ్లు ఫొటోలు తీసుకునే గుర్రాలకు 1971 చట్టం వర్తించదు, అవి రాష్ట్రం కింద ఉంటాయి. "వీసా మీదున్నాం, మనకెందుకు" అనేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఈ నేల మీద బతుకుతూ మనకెందుకంటే ఎలా?

అప్పీలుకు వెళ్లాలంటే ముందుగా కామెంట్ చేసో, మరోలాగో ఈ ప్రక్రియలో పాల్గొని ఉండాలి. నేను ఉన్నాను. ఆవుల వాటా మీద కాగితాలు సిద్ధం చేస్తున్నాను.