మా బాబుతో రోజుకు 5 నిమిషాలు

మా బాబుకు 6 ఏళ్లు నిండిన ఏడాది, ప్రతి సాయంత్రమూ ఫోను కోసం గొడవతోనే మొదలయ్యేది. వద్దంటే పుస్తకాలు విసిరేవాడు, చెల్లెల్ని కొట్టేవాడు. పిల్లల మానసిక నిపుణురాలు వాడిని కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెప్పి పంపుతారనుకున్నాం. ఆవిడ వాడి వినికిడి, నిద్ర, చదువు గురించి విచారించి, తర్వాత మా ఇద్దరినే ఎక్కువసేపు ప్రశ్నించారు. రెండోసారి మా అత్తగారిని కూడా తీసుకురమ్మన్నారు.

నేను వద్దంటాను, వాడు అరుస్తాడు, నేను అంతకంటే గట్టిగా అరుస్తాను, వాడు చేతికందినది విసురుతాడు, చివరికి వంట మధ్యలో ఉన్న నేనో, చూడలేక అత్తగారో ఫోను ఇచ్చేస్తాం. అరుపు ఆగుతుంది కనుక ఇవ్వడం మాకూ, ఫోను దొరుకుతుంది కనుక అరవడం వాడికీ అలవాటవుతాయని నిపుణురాలు కాగితం మీద గీసి చూపించారు. అమెరికాలోని ఒరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కుటుంబాలను వారి ఇళ్లలోనే పరిశీలించి ఈ వలయాన్ని వివరించారని, 1982లో దానిపై గ్రంథం వెలువరించారని తర్వాత చదివాను.

మాకు ఇచ్చిన మొదటి పని ఆట. రోజుకు 5 నిమిషాలు వాడు కోరిన ఆట ఆడాలి. ఆ సమయంలో ప్రశ్న, ఆజ్ఞ, తప్పు దిద్దడం ఏవీ ఉండకూడదు. తేలికే అనుకున్నాను కానీ, మొదటి నిమిషంలోనే "ఇది ఏ రంగు నాన్నా?" అని అడిగేశాను. పిల్లలతో మాట్లాడటమంటే పరీక్ష పెట్టడమేనని నాకెప్పుడు అలవాటైందో తెలియదు. వాడు మంచి పని చేసినప్పుడు, "చెల్లికి బొమ్మ ఇచ్చావు, నాకు నచ్చింది" అన్నట్టు, ఆ పనిని పేర్కొని మెచ్చుకోమన్నారు. పొగిడితే ఆయుక్షీణమని నమ్మే అత్తగారికి ఇది బొత్తిగా నచ్చలేదు. కొన్నాళ్లు నేను మెచ్చుకుంటే ఆవిడ దిష్టి తీసేవారు.

ఫోను నిరాకరించిన మొదటి వారం వాడి అరుపులు తగ్గకపోగా పెరిగాయి. అలా జరుగుతుందని, ఆ దశలో లొంగితే ఇంకా ఎక్కువసేపు అరవాలని వాడు నేర్చుకుంటాడని నిపుణురాలు ముందే హెచ్చరించారు. అయినా నాలుగో రోజు అత్తగారు లొంగిపోయారు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం.

ఫీజు భారమనిపించే వారు ముందుగా 14416కు ఫోన్ చేయవచ్చు. అది 2022లో ప్రారంభమైన టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సేవ, తెలుగులోనూ మాట్లాడతారు.

గొడవలు పూర్తిగా పోలేదు, వారానికి ఒకటో రెండో ఉంటాయి. ఇప్పుడు సాయంత్రం ఫోను బీరువాలో పెట్టి, తాళంచెవి బొడ్లో దోపుకొని కూర్చునేది మా అత్తగారే.