నవ్వొచ్చిన చోట

నిన్న రాత్రి 'ఫార్గో' చూశాం. పొద్దున్నుంచీ ఆఫీసులోనూ, ఇంటికొచ్చాక వంటింట్లోనూ దాని గురించే మాటలు. మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను.

సినిమా పేరు నార్త్ డకోటాలోని ఊరిదే కానీ, కథ దాదాపు అంతా మా మినెసోటాలోనే, మినియాపొలిస్‌లోనూ బ్రెయినర్డ్‌లోనూ నడుస్తుంది. తీసిన కోయెన్ అన్నదమ్ములు పెరిగింది కూడా ఇక్కడే, సెయింట్ లూయిస్ పార్క్‌లో. "ఈ ఊళ్ళో ఉంటూ ఆ సినిమా చూడకపోతే ఎలా?" అని మా ఆయన ఎప్పటినుంచో పోరుతున్నారు. నిన్న భోజనాలకి నా స్నేహితురాలూ వాళ్ళాయనా వచ్చారు. తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్య సరేసరి. పిల్లల్ని పైన పడుకోబెట్టి సినిమా పెట్టాం.

జెర్రీ అనేవాడు మామగారి కార్ల షోరూంలో పనిచేస్తుంటాడు. డబ్బుకి కటకటలాడుతూ, సొంత భార్యనే కిడ్నాప్ చేయించి మామగారి దగ్గర సొమ్ము గుంజాలనుకుంటాడు. కిరాయికి కుదిరిన ఇద్దరికీ అడగబోయేది 80,000 డాలర్లని, అందులో సగం వాళ్ళదని చెబుతాడు. మామగారికి మాత్రం 10 లక్షల డాలర్లు అడుగుతున్నారని చెబుతాడు. అక్కణ్ణుంచి ఒక్కటీ అనుకున్నట్టు జరగదు. శవాలు లేస్తూనే ఉంటాయి. చూసేవాళ్ళకి నవ్వూ వస్తూనే ఉంటుంది.

ఆ భార్య పేరు జీన్. టీవీ చూస్తూ కూర్చుని ఉంటుంది. ముసుగు వేసుకున్నవాడు అద్దాల తలుపు దగ్గరికి వస్తే, వీడెవడా అన్నట్టు చూస్తుంది, అంతే. తర్వాత బాత్రూంలో షవర్ కర్టెన్ చుట్టుకుపోయి, కళ్ళు కనబడక మెట్ల మీంచి దొర్లుకుంటూ పడుతుంది. మా ఆయన పకపకా నవ్వారు. స్నేహితురాలు నవ్వలేదు. తర్వాత ఆమెని ఒక చెరువు పక్క కాబిన్‌కి తీసుకెళ్తారు. కారు దింపగానే, తలకి ముసుగు, చేతులు కట్టేసి ఉన్నా, ఆమె పారిపోవాలని చూస్తుంది. ఎటు పోతోందో తెలియక మంచులో తడబడుతూ పరిగెడుతుంది. కార్ల్ అనే దొంగ అది చూసి పగలబడి నవ్వుతాడు. మా హాల్లోనూ నవ్వులు వినబడ్డాయి. నాకూ నవ్వొచ్చింది. స్నేహితురాలు లేచి, "పిల్లల్ని చూసొస్తా" అని పైకి వెళ్ళింది. సినిమా అయ్యేదాకా కిందికి రాలేదు.

వాళ్ళాయనకి కోపం వేరే కారణానికొచ్చింది. మొదట్లోనే తెర మీద రాస్తారు: ఇది నిజంగా జరిగిన కథ, 1987లో మినెసోటాలో జరిగింది, బతికి బయటపడ్డవాళ్ళు కోరారు కాబట్టి పేర్లు మార్చాం, చనిపోయినవారి మీద గౌరవంతో మిగతాదంతా జరిగింది జరిగినట్టే చెప్పాం అని. చివర్లో చూస్తే పాత్రలన్నీ కల్పితమని మామూలు ప్రకటన వస్తుంది. "నిజమనుకుని గంటన్నర బాధపడ్డాను కదా!" అంటాడు. అత్తయ్యకి ఇంగ్లీషు మాటలు అందలేదు కానీ, ఏడో నెల కడుపుతో పోలీసు డ్యూటీ చేసే మార్జ్‌ని మాత్రం ఒక్క క్షణం వదల్లేదు. "ఆ పిల్లని ఈ చలిలో ఎవరు పంపారే? ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా?" అని ఒకటే గోల. మార్జ్ ప్లేటు నిండా పెట్టుకుని తింటుంటే ఆవిడకి ఎంత తృప్తో! ఆ వేషానికే ఫ్రాన్సెస్ మెక్‌డోర్మండ్‌కి ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది.

ఇవాళ లంచ్‌లో, ఇక్కడే పుట్టి పెరిగిన ఒక సహోద్యోగితో ఈ సంగతి చెప్పాను. 1996లో సినిమా వచ్చినప్పుడు వాళ్ళింట్లో గొడవంతా యాస గురించేనట. మాటకి ముందొక 'యా', వెనకొక 'యా' పెట్టి మమ్మల్ని వెర్రివాళ్ళలా చూపించారని వాళ్ళమ్మ నొచ్చుకుందట, అదీ అచ్చం ఆ యాసలోనే. తర్వాత ఫోన్‌లో ఫొటో చూపించాడు. చెట్ల కొమ్మల్ని పొట్టు చేసే వుడ్ చిప్పర్ ఒకటుంటుంది కదా, సినిమాలో ఒక శవాన్ని అందులో పెడతారు. ఆ యంత్రాన్ని ఫార్గోలో టూరిస్టుల కోసం పెట్టారు. జనం దాని పక్కన నిలబడి నవ్వుతూ ఫొటోలు దిగుతారు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. సినిమా తీసిన ఏడాది ఇక్కడ మంచు సరిగా పడక, మంచు కోసం నార్త్ డకోటా దాకా వెళ్ళారట. మొన్న మా వాకిట్లో పడ్డది చూస్తే నమ్మబుద్ధి కాదు.

ఆ ఫొటో చూసినప్పటి నుంచీ నా మనసు జీన్ దగ్గరే ఆగిపోయింది. యంత్రం అందరికీ గుర్తుంది, యాస గుర్తుంది. ఆ ముసుగులో పరిగెత్తిన మనిషి పేరు అడిగితే ఎంతమంది చెబుతారు? ఆ పాత్ర వేసినావిడ క్రిస్టిన్ రూడ్రుడ్. ఫార్గోలోనే పుట్టిందట.

సినిమాలో కూడా జీన్‌ని తలుచుకునేవాళ్ళు లేరు. మామగారు బేరమాడదాం, సగానికి అడుగుదాం అంటాడు, తన కూతురి గురించే! మొగుడు ఏడుపు గొంతుతో ఫోన్ ఎలా చెయ్యాలో ముందే రిహార్సల్ వేసుకుంటాడు. ఆమె చావు మనకి చూపించనే చూపించరు. కార్ల్ కాబిన్‌కి తిరిగొచ్చేసరికి ఆమె నేల మీద పడి ఉంటుంది. ఏమైందని అడిగితే, అరవడం మొదలెట్టిందని రెండోవాడు చెప్పి, బొమ్మ సరిగా రాని టీవీలో సీరియల్ చూసుకుంటాడు.

మన నవ్వుని ఈ సినిమా ఆ దొంగ నోట్లో పెట్టింది. మంచులో తడబడే ఆడమనిషిని చూసి నవ్వేవాడు ఎలా ఉంటాడో తెర మీదే కనబడుతుంది. అది కావాలనే చేశారని నా గట్టి నమ్మకం. ఎందుకంటే చివర్లో మార్జ్ ఆ హంతకుణ్ణి కారు వెనక కూర్చోబెట్టుకుని పోతూ, చచ్చిపోయినవాళ్ళ లెక్క చెబుతుంది. మొదట చెప్పేది జీన్‌నే: లోపల నేల మీద ఉన్నావిడ మిసెస్ లండెగార్డ్ అన్నమాట, అని. తర్వాత యంత్రంలో ఉన్నవాడు, తర్వాత బ్రెయినర్డ్‌లో ముగ్గురు. ఇదంతా కాస్త డబ్బు కోసమా, నాకు అర్థం కావట్లేదు అంటుంది. ఆమె గొంతులో తిట్టు లేదు, ఉపన్యాసం లేదు. మొదట్లో రాసిన కథ అబద్ధమే కావచ్చు. చనిపోయినవారి మీద గౌరవం అన్నమాటని మాత్రం మార్జ్ నిలబెట్టింది. నా స్నేహితురాలు ఈ సీను చూడకుండా వెళ్ళిపోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

సాయంత్రం తనకి ఫోన్ చేశాను. "ఆవిణ్ణి చంపేశారా?" అని అడిగింది ముందు. జరిగిందంతా చెప్పాను, మార్జ్ మాటలు కూడా. "నవ్వినవాళ్ళ మీద నాకేం కోపం లేదు, అక్కడ కూర్చోలేకపోయానంతే" అంది. ఆ చివరి అరగంట మాత్రం చూస్తుందట, శనివారం వస్తానంది. పోలీసమ్మాయి ఉన్న ముక్కలు పెడితే తనూ కూర్చుంటానని అత్తయ్య లోపల్నుంచి కేకేసింది.