స్టాక్‌హోమ్‌లో అడ్రసు నమోదు: నా అనుభవం

స్వీడన్‌లో ఎవరు ఎక్కడ ఉంటున్నారో రాసుకునేది పన్నుల శాఖ, స్కాట్టెవెర్కెట్. 1991 దాకా ఆ పని చర్చిలు చేసేవట. ఏడాదీ అంతకు పైనా ఉండేవాళ్ళు అక్కడ పేరు నమోదు చేయించుకుంటే పర్సన్ నంబరు ఇస్తారు, మన ఆధార్ నంబరు లాంటిది. అది చేతికొచ్చేదాకా బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి అన్నీ తిప్పలే.

మా ఆయన ఉద్యోగం స్టాక్‌హోమ్‌లోని కిస్టా అనే పేటలో కాబట్టి దగ్గర్లోని అకల్లాలో ఉన్నాం. నగరపు అద్దె ఇళ్ళ వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకుని మన పేరు మీదే ఇల్లు అద్దెకు పొందాలంటే ఏళ్ళు పడుతుంది. అందుకే అసలు అద్దెదారు దగ్గర మేము మళ్ళీ అద్దెకు తీసుకున్నాం.

ఇక్కడి వీధుల పేర్లు నాకు భలే నచ్చాయి. కిస్టాలో డెన్మార్క్, ఐస్‌లాండ్ పేర్లు, హుస్బీలో నార్వేవి, అకల్లాలో ఫిన్లాండ్‌వి. పేరు చదివితే ఏ పేటో తెలిసిపోతుంది. ఫోన్‌లో మ్యాపుతోనే చిక్కు. 1970ల్లో కట్టిన ఈ పేటల్లో కార్ల దారి కింద, నడిచేవాళ్ళ దారి పైన వంతెనల మీద. మ్యాపులో రెండూ కలిసినట్టే ఉంటాయి. తీరా వెళ్తే ఇల్లు తలమీద, మనం కింద రోడ్డు మీద! స్ట్రోలర్‌తో మెట్లెక్కలేక ర్యాంపు కోసం చుట్టూ తిరగాలి.

పేరు నమోదు దరఖాస్తులో వీధి, బిల్డింగు నంబరుతో పాటు నాలుగంకెల ఫ్లాటు నంబరు అడిగారు. మా అగ్రిమెంటులో అది లేదు, తలుపు మీదా లేదు. ఇల్లిచ్చినాయన్ని అడిగితే "తలుపు మీద నా పేరుందిగా" అన్నాడు. చివరికి కింద మెట్ల దగ్గర గోడకున్న పట్టికలో దొరికింది: 1102. ముందు రెండంకెలు అంతస్తు; గుమ్మం ఉన్న అంతస్తు 10, దాని పైది 11. తర్వాతి రెండూ ఫ్లాటు. మెట్లెక్కి వచ్చాక ఎడమవైపు నుంచి గడియారం ముల్లు తిరిగే దిక్కున లెక్కపెడతారు.

హైదరాబాద్‌లో ఉన్న అమ్మకి ఫోన్‌లో నంబరు చెప్పగానే, "పదకొండో అంతస్తా! పిల్లాడితో అంత పైనెందుకే?" అంది.

"మొదటి అంతస్తే అమ్మా, ఇక్కడ లెక్క అంతే."

"ఏమో, బాల్కనీ తలుపు మాత్రం వేసి ఉంచు."

పాస్‌పోర్టులు, పర్మిట్ కార్డులు, అగ్రిమెంటు పట్టుకుని ముగ్గురమూ స్కాట్టెవెర్కెట్ పనికి ఆఫీసుకి వెళ్ళాం. పిల్లాణ్ణి కూడా చూపించాలి మరి. అకల్లా నుంచి మెట్రో బ్లూ లైన్‌లో నేరుగా నగరం మధ్యలోని టి-సెంత్రాలెన్ స్టేషన్‌కి. టికెట్ 75 నిమిషాలు చెల్లుతుంది, మెట్రో అయినా బస్సయినా. పని ఆలోపు తెమలదని క్యూ చూడగానే అర్థమైంది. తిరిగొచ్చేటప్పుడు స్టేషన్‌లో కాసేపు ఆగాం. గుహలా ఉన్న తెల్లటి రాతి కప్పు మీదికి నీలం తీగలు పాకుతుంటాయి. ఒకచోట ఆ స్టేషన్ కట్టిన పనివాళ్ళ నీడబొమ్మలు, అదే నీలంలో. 1975లో ఉల్ట్వెట్ అనే చిత్రకారుడు వేశాడు. ఖర్చుపెట్టినవాళ్ళ పేర్లు కాకుండా కష్టపడ్డవాళ్ళ బొమ్మలు గోడకెక్కడం ఎంత బాగుందో!

పర్సన్ నంబరు పోస్టులో వస్తుందన్నారు. తలుపు మీద పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుందని పక్కింటావిడ ముందే హెచ్చరించింది. ఇల్లిచ్చినాయన పేరు కింద మా ఇంటిపేరు కాగితం మీద రాసి టేపుతో అంటించాను. ఉత్తరం వచ్చింది. అది తీసుకుని బ్యాంకుకి వెళ్తే, నంబరు ఒక్కటే చాలదు, స్వీడిష్ ఐడీ కార్డు తెమ్మన్నారు. దానికి ఫీజు కట్టి, మళ్ళీ స్కాట్టెవెర్కెట్‌కే.