మడిబట్ట, తడిక, ఒక ఐరిష్ కోట

డబ్లిన్‌లో పొద్దున్నే రైలెక్కి, మాలో అనే ఊళ్లో బండి మారి, కిలార్నీలో దిగేసరికి జల్లు మొదలైంది. ఊళ్లో గుర్రబ్బళ్లున్నాయి. రాస్ కోటకి ఎంతని అడిగితే చెప్పిన రేటుకి మా ఆవిడ మారు మాట్లాడకుండా గొడుగు తీసి నడక మొదలుపెట్టింది. రెండు కిలోమీటర్ల పైమాటే.

గోల్కొండ చూసిన కళ్లకి అది కోటలా ఆనలేదు. లాఖ్ లీన్ సరస్సు ఒడ్డున ఒంటరిగా నిలబడ్డ ఐదంతస్తుల రాతి బురుజు, చుట్టూ ప్రహరీ. 15వ శతాబ్దం చివర్లో ఓడొనహ్యూ మోర్ అనే దొర కట్టించుకున్నాడు. దీనికేనా ఇంత తడిశాం అనుకున్నాను.

లోపలికి గైడ్‌తో వెళ్లాం. గుమ్మం దాటగానే గైడమ్మ పైకి చూడమంది. కప్పులో కన్నం! జొరబడ్డవాడి నెత్తిన రాళ్లు వేయడానికట. మెలికల మెట్లు ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి. కావాలనే అలా కట్టారంది, శత్రువు తడబడాలని. శత్రువు సంగతేమో గానీ నా మోకాలు చెక్కుకుపోయింది.

అసలు విషయం మరుగుదొడ్డి దగ్గర. గోడ మందంలోనే చిన్న గది, రాతి బల్లకి కన్నం. దొరగారి బట్టలు అక్కడే వేలాడదీసేవారట! కిందనుంచి వచ్చే ఘాటుకి పేలు, పురుగులు చస్తాయని. మడిబట్టని కర్రతో దండెం మీద ఆరేసి, ఎవర్నీ ఆ దరిదాపులకి రానివ్వని మా నాయనమ్మ గుర్తొచ్చింది. నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాను.

సరస్సు మీద ఓడలొస్తే తప్ప ఈ కోట పడదని ఒక జోస్యం ఉండేదట. 1652లో, ఐర్లండ్ మీద దండెత్తిన ఇంగ్లీషు నాయకుడు క్రామ్‌వెల్ తరఫు సేనాని లడ్లో పడవలు తెప్పించి నీళ్లలో దింపాడు. లోపలివాళ్లు లొంగిపోయారు.

పై గదిలో అందరూ కిటికీ దగ్గర మూగారు. ఓడొనహ్యూ అందులోంచే సరస్సులోకి మాయమయ్యాడని, ఏడేళ్లకోసారి మే ఒకటిన తెల్లగుర్రమెక్కి పైకొస్తాడని కథ. నేను మాత్రం కమాను కప్పు చూస్తూ ఉండిపోయాను. సున్నం మీద తడిక అచ్చు! సన్నటి కొమ్మలతో అల్లిన తడికల్ని ఆనించి, వాటి మీద రాళ్లు, సున్నం పేర్చి, గట్టిపడ్డాక తీసేసేవారట. ఒక పుల్ల మీదుగా, ఇంకో పుల్ల కిందుగా, అచ్చం మా ఊళ్లో పశువుల పాక తడికే. ఒకచోట పుల్ల విరిగి పక్కకి వంగిన గుర్తు కూడా ఉంది. అల్లినవాడు తొందరలో ఉన్నట్టున్నాడు.

కిందికి దిగేసరికి మంచు కమ్మి సరస్సే కనిపించలేదు. మళ్లీ గుర్రబ్బండి రేటు అడిగాం. పైసా తగ్గలేదు.