పులుసు పెట్టడం మర్చిపోయిన ఏడాది

మొదట పోయింది వంట. బెండకాయ పులుసు కళ్లు మూసుకుని పెట్టేదాన్ని. ఒకరోజు పొయ్యి ముందు నిలబడితే పోపు ముందా, చింతపండు రసం ముందా తేలక స్టవ్ ఆపేసి వచ్చేశాను. తర్వాత ఒడియా పోయింది. పుట్టి పెరిగింది బరంపురంలోనే. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఇది మద్రాసు ప్రెసిడెన్సీ ఊరు, తాతల కాలం నుంచీ మా ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. అలాంటిది పాలవాడు ఏదో అడిగితే అర్థమవుతోంది గానీ జవాబు నోటికి రావట్లేదు. స్నానం చేస్తే ఒంటి మీద పడే నీళ్లు నొప్పి పుట్టించేవి. ఫోను మోగితే ఏడుపొచ్చేది. రాత్రంతా పడుకుని లేచినా పడుకోబోయే ముందున్న అలసటే. ఇవన్నీ ఆటిజం ఉన్నవాళ్లకి వచ్చే ఒక రకం అలసట గుర్తులని అప్పటికి నాకు తెలియదు.

మేం ఎప్పుడూ చూపించుకునే డాక్టరు రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 అన్నీ బాగానే ఉన్నాయి. "టెన్షన్ తగ్గించుకో అమ్మా, నలుగురిలో తిరుగు" అన్నారు. అమ్మ తారాతారిణి కొండకి మొక్కుకుంది. నలుగురిలో తిరగడమే నా టెన్షన్ అని చెప్పడానికి అప్పటికి నా దగ్గర మాటలు లేవు. ఆ సలహా ఇచ్చిన వాళ్లందరి మీదా ఇప్పటికీ నాకు కొంచెం కోపముంది.

నేనప్పుడు ఒక ఫైనాన్స్ కంపెనీ బ్రాంచిలో అకౌంట్స్ చూసేదాన్ని. లెక్కలు నాకెప్పుడూ బరువు కాలేదు. మేనేజరు జోకుకి ఎప్పుడు నవ్వాలి, ఎదుటివాళ్ల కళ్లలోకి ఎంతసేపు చూడాలి, టీ టైములో ఏం మాట్లాడాలి, ఇవన్నీ లోపల లెక్కగట్టుకుంటూ రోజు గడపడం బరువు. చిన్న గది నుంచి మమ్మల్ని పెద్ద హాల్లోకి మార్చాక పని రెట్టింపైనట్టుండేది. నాలుగు ఫోన్లు, ఏసీ చప్పుడు, వాయిదా కట్టలేక గొడవపడే కస్టమర్లు, ఎవరిదో లంచ్ బాక్సులో ఎండుచేప వాసన. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద వాలేదాన్ని. "ఏసీలో కూర్చుని చేసే పనికి అంత నీరసమేటే?" అనేది అమ్మ.

అంతా బయటపడింది ఠాకురాణి జాతరకి. రెండేళ్లకోసారి చైత్రంలో బుడి ఠాకురాణి అమ్మవారు దేశిబెహెరా వీధికి పుట్టింటికొచ్చినట్టు వస్తుంది. ఇంచుమించు నెలరోజులు ఊరు నిద్రపోదు. డప్పులు, మైకులు, పులివేషాలు, మొక్కు తీర్చుకునేవాళ్ల రకరకాల వేషాలు. మా ఇంటికి శ్రీకాకుళం నుంచి అత్త, మామయ్య, పిల్లలు దిగారు. వంటింట్లో మిక్సీ, కుక్కరు. వీధిలో డీజే. అత్త మూడోసారి అడిగింది, "ఏ చీర కట్టుకుంటావే?" అని.

అంతవరకే వరసగా గుర్తుంది. అరిచానట. గిన్నె విసిరానట. రెండు చేతులతో తల బాదుకున్నాను, మణికట్టు కొరుక్కున్నాను, ఆ గాట్లు కొన్నాళ్లున్నాయి కాబట్టి అది నాకూ తెలుసు. ఆపాలని ఉంది, ఆపే చెయ్యి నాది కాదు. తర్వాత దుప్పట్ల బీరువాకీ గోడకీ మధ్య సందులో కూర్చున్నాను. మాట పూర్తిగా పోయింది. మర్నాడు మధ్యాహ్నం దాకా తల ఊపడమే. "గాలి సోకిందేమో వదినా, ఎవరికైనా చూపించు" అని అత్త. పిల్లలు నా వంక చూసిన చూపు గురించి రాయను.

ఇంటర్నెట్టులో చదివీ చదివీ చివరికి విశాఖలో పెద్దవాళ్ల ఆటిజం చూసే సైకియాట్రిస్ట్ దగ్గరికి నేనే అపాయింట్‌మెంట్ పెట్టుకున్నాను. రైల్లో నాలుగైదు గంటలు, అమ్మని కూడా రమ్మన్నారు. నా చిన్నప్పటి సంగతులన్నీ ఆవిడ అమ్మనే అడిగారు. రంగు పెన్సిళ్లు వరసలో పెట్టుకోవడం, ఉన్ని గౌను వేస్తే గుక్కపట్టి ఏడవడం, రైల్వే టైంటేబుల్ బట్టీ పట్టడం. అమ్మ అన్నీ ముద్దుముద్దుగా చెప్పుకొచ్చింది. (టైంటేబుల్ నాన్నదే. రైల్వేలో రిటైరయ్యారు. ఇప్పటికీ అదే దారిలో వాకింగ్, అదే కంచం, చుట్టాలొస్తే మేడ మీద. ఆయన గురించి నాకు కొన్ని అనుమానాలున్నాయి గానీ డెబ్బై దాటిన మనిషిని ఏమని కదిలిస్తాం.)

నాది ఆటిజమేనని డాక్టరు తేల్చారు. ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు పట్టుకోలేదని అడిగాను. చదువులో బాగుండి, గొడవ చెయ్యని ఆడపిల్లని ఎవరూ ఆ దృష్టితో చూడరన్నారు. శబ్దం, వెలుగు, స్పర్శ తట్టుకోలేకపోవడం కూడా రోగనిర్ధారణ లక్షణాల్లో చేరింది 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక వైద్యులు రోగనిర్ధారణకి వాడే అమెరికా పుస్తకం) తోనేనట. నేను పడ్డదానికి పేరు ఆటిస్టిక్ బర్నౌట్. 2020లో డోరా రేమేకర్ అనే పరిశోధకుల బృందం ఆటిస్టిక్ పెద్దవాళ్లతో మాట్లాడి దాని గుర్తులు రాసింది. మామూలుగా మూడు నెలలు, అంతకంటే ఎక్కువ కాలం నిలిచే అలసట, వచ్చిన పనులు చేతకాకుండా పోవడం, శబ్దాల్లాంటివి ఓర్చుకునే శక్తి తగ్గిపోవడం. నా పులుసు, నా ఒడియా, నా స్నానం అన్నీ అందులో ఉన్నాయి. కారణాల్లో ఒకటి మాస్కింగ్, అంటే మామూలు మనిషిలా నటించడం. మా జాతరలో వేషం కట్టినవాళ్లు మొక్కు తీరగానే తీసేస్తారు, నాది బడికెళ్లిన నాటి నుంచీ ముఖానే ఉంది.

ఆటిజానికి మందు లేదని ముందే చెప్పారు. నిద్రకీ ఆందోళనకీ కొన్నాళ్లు మాత్రలిచ్చారు, అవి పనిచేశాయి. డిప్రెషన్ కూడా తోడై ఉండొచ్చు, అది విడిగా చూడాలన్నారు. మిగతాదంతా తీసివేతే. జీతం లేని సెలవు పెట్టాను, ఆనక ఉద్యోగమే మానేశాను. ఇంట్లో ఇది పెద్ద యుద్ధం, నాన్న పెన్షన్ లేకపోతే నాకు సాధ్యమయ్యేది కాదు. అందరూ ఉద్యోగం మానేయమని నేను చచ్చినా చెప్పను. కొన్ని నెలలు రోజూ అన్నం, పెరుగు, ఆవకాయ. ట్యూబులైటు మార్చి పసుపు బల్బు పెట్టించాను. బయటికెళ్తే చెవుల్లో ఫోమ్ ప్లగ్గులు. కుర్చీలో ముందుకీ వెనక్కీ ఊగడం చిన్నప్పుడు మాన్పించారు. మళ్లీ మొదలెట్టాను, ఎంత హాయో.

మెల్ట్‌డౌన్లు, అంటే జాతరప్పుడు జరిగినట్టు అదుపు తప్పడాలు, పూర్తిగా పోలేదు, తగ్గాయి. రాబోతోందని ఇప్పుడు ముందే తెలుస్తుంది. ఫ్యాను చప్పుడు విడిగా వినబడుతుంది, మాటలు కురచవుతాయి, బొటనవేలితో గోళ్లు రుద్దుకుంటుంటాను. అమ్మ నాకంటే ముందే కనిపెడుతుంది. మిక్సీ ఆపేస్తుంది, ప్రశ్నలడగదు, ముట్టుకోదు, నాయనమ్మ నాటి బరువైన బొంత తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోతుంది. ఫోనులో మూడు వాక్యాలు టైపు చేసి పెట్టుకున్నాను: "మాట రావట్లేదు. కోపం కాదు. చీకటి గది కావాలి." చుట్టాలొచ్చినప్పుడు అది చూపిస్తే చాలు. ఏదో సాధించుకోవడానికి చేసే మారాం వేరని, ఇది జరిగాక నాకొచ్చేది ఒంటినొప్పులూ సిగ్గూ తప్ప ఇంకేమీ లేదని అత్తకి అమ్మే చెప్పింది. ఆవిడ నమ్మిందో లేదో.

ఇప్పుడు బడాబజారులోని కొన్ని కొట్లకి ఇంటి నుంచే జీఎస్టీ రిటర్నులు వేస్తాను. 11న ఒకటి, 20న ఇంకొకటి. నెల ఎక్కడ బరువో ముందే తెలుసు కాబట్టి 20 దాటాక ఏ పనీ పెట్టుకోను. వంట చాలావరకు వచ్చేసింది. ఒడియా వచ్చింది గానీ ఫోన్లో మాత్రం ఇంకా తడబడతాను. మునుపటిలా పదిమందిలో రోజంతా ఉండగలిగే శక్తి రాలేదు, వస్తుందని డాక్టరూ అనలేదు.

వైకల్య సర్టిఫికెట్ సంగతి అడుగుతుంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఆటిజం ఉంది. కానీ ఆటిజం ఎంతుందో కొలవడానికి మన దేశంలో తయారైన ఐఎస్ఏఏ కొలమానంలో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, 70కి తక్కువైతే ఆటిజం కింద రాదు. కళ్లలోకి చూస్తుందా, మాట్లాడుతుందా అని అడిగితే ముప్పై ఏళ్లు సాధన చేసి నేర్చుకున్న నాకు మార్కులెక్కడ పడతాయి? ఇంకా వెళ్లలేదు.

అత్త కొడుకు పెళ్లి వచ్చే నెల ఇచ్ఛాపురంలో. ముహూర్తం తెల్లవారుజామున, జనం తక్కువ కాబట్టి తలంబ్రాలు చూసి వచ్చేస్తాను, డీజే ఉన్న రిసెప్షన్‌కి రానని చెప్పేశాను. అత్త అమ్మతో మాట్లాడటం మానేసింది. బావ మాత్రం ఫోన్ చేసి, మండపంలో వెనక గది ఒకటి ఖాళీగా ఉంచమంటావా అని అడిగాడు. ఉంచమన్నాను.